‘వద్దు’ వైపు

సీటొచ్చిందన్న మెసేజ్ మోగేసరికి ఆమె బాల్కనీలో దుప్పటి ఆరేస్తోంది. నోట్లో రెండు క్లిప్పులున్నాయి. వాటితోనే ఏదో అరిచింది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"క్లిప్పులు తీసి ఏడువే!"

"ఎంబీఏ సీటు! నాకు! బావా, వచ్చేసింది!"

తడి దుప్పటితో సహా వచ్చి అతని మీద పడింది. పెళ్ళై నాలుగు నెలలు. ఆమె సంతోషం ఎప్పుడూ ఇంతే, ఎదుటివాణ్ణి తడపకుండా ఊరుకోదు. అతను నవ్వాడు. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఎప్పటికైనా చిన్నపిల్లల కళ్ళజోళ్ళకి సొంత దుకాణం పెట్టాలని ఆశ. అతను పరుపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్.

"వెళ్ళనా, వద్దా?" ఒకే కప్పులో ఇద్దరికీ టీ పోసి తెచ్చింది. "రెండేళ్ళు హాస్టల్లో ఉండాలి. నాకైతే కాళ్ళు నేల మీద నిలవట్లేదు. నిదానస్తుడివి, నువ్వే ఆలోచించి చెప్పు."

అతను కాగితం మధ్యలో గీత గీశాడు. ఒకవైపు ‘కావాలి’. రెండోవైపు ‘వద్దు’.

"నీ దుకాణానికి ముందు కావలసింది చేతిలో పని. అది నీకుంది." ‘వద్దు’ కింద రాశాడు. "అక్కడ చెప్పేదంతా పెద్ద కంపెనీల గొడవ. పిల్లాడి ముక్కు మీంచి కళ్ళజోడు జారకుండా ఎలా నిలబెట్టాలో ఏ ప్రొఫెసర్ చెప్తాడు?"

ఆమె పకపకా నవ్వింది. అతను కప్పు పక్కన పెట్టేశాడు. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఎక్కువ గుచ్చుతోంది.

"మరి మనుషుల్ని పెట్టుకుని పని చేయించుకోవడం? అది నేర్చుకోవద్దా?"

"దానికి సాయంత్రం క్లాసులు చాలు. ఆరు నెలలు."

ఆమె పెన్ను లాక్కుంది. ‘కావాలి’ కింద ‘నాకిష్టం’ అని రాసింది. అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఎల్లుండి సాయంత్రంలోగా చెప్పేయాలి కదా?"

"అవునా? నేనింకా కింద దాకా చదవనే లేదు."

అతని చెవులు వేడెక్కాయి. "ఎక్కడైనా అంతేలే," అన్నాడు.

ఆమె అతన్నే చూస్తూ కూర్చుంది. మెల్లగా ఆమె మొహం వెలిగింది.

"నన్ను వదిలి ఉండలేక చెప్తున్నావు ఇదంతా. ఒప్పుకో!"

అతను తల దించుకున్నాడు. ఆమె అది సిగ్గనుకుంది.

"దొంగ మొహం! నోరు తెరిచి ఉండిపొమ్మంటే నీ సొమ్మేం పోయింది?"

"వెళ్ళాలనుంటే వెళ్ళు," అన్నాడు గబుక్కున. ఆ ఒక్క క్షణం ఆమె సరేనంటే బాగుండునని మనసారా అనుకున్నాడు కూడా.

"ఊహూ. నువ్వు చెప్పిందే నిజం. నాకు కావలసింది దుకాణం, డిగ్రీ కాదు." అతని భుజం మీద తల ఆనించింది. "సీటు వద్దని రేపు పొద్దున్నే కాలేజీకి రాసేస్తాను. వెయిటింగ్ లిస్టులో పాపం ఎవరున్నారో, గోళ్ళు కొరుక్కుంటూ!"

ఆ లిస్టులో మొదటి పేరు అతనిదే.