సున్నా మార్కుల కార్డు

పెళ్లిచూపులకు ఈ దయ్యాల ఆట ఏమిటని భ్రమరాంబ సణుగుతూనే ఉంది. కేపీహెచ్‌బీలో క్యాబ్ ఎక్కినప్పుడు మొదలైన సణుగుడు మాదాపూర్‌లో దిగేదాకా ఆగలేదు.

కూతురు నీహారిక మాత్రం పట్టు వదల్లేదు. “కాఫీ తాగుతూ కూర్చుంటే అందరూ బుద్ధిమంతులేనమ్మా. భయం వేసినప్పుడే మనిషి బయటపడతాడు.”

అంతకుముందు వచ్చిన సంబంధం హోటల్లో సర్వర్ మీద ఇంతెత్తున లేచింది. నీహారిక అక్కడికక్కడే వద్దనేసింది. ఈసారి కూడా చివరిమాట ఆమెదే. ఊ అంటే ముహూర్తాలు, ఊహూ అంటే ఎవరి దారి వాళ్లది. నచ్చని మనిషితో పండగలూ పబ్బాలూ జీవితాంతం కలిసి చేసుకోవడం మాటలా మరి!

ఆటల కెఫేలో బల్లకు అటువైపు జశ్వంత్, వాళ్ల నాన్న సీతారామాంజనేయులు కూర్చున్నారు. జశ్వంత్ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. తండ్రి మొన్ననే ఇరిగేషన్ ఆఫీసులో రిటైరయ్యారు. కొత్త చొక్కా మడతలింకా పోలేదు. ఇటు భ్రమరాంబ కూడా తక్కువేం తినలేదు, ఇంట్లో మూడు చీరలు మార్చి గానీ గుమ్మం దాటలేదు.

ఆట నేర్పే పింకీ నలుగుర్నీ చూడగానే పసిగట్టేసింది.

“పెళ్లిచూపులా అక్కా? జర గూడ ఫికర్ చెయ్యకు. జోడి మస్తున్నది!”

నీహారిక, జశ్వంత్ ముఖముఖాలు చూసుకుని నవ్వి ఊరుకున్నారు.

“పాడుబడ్డ బంగ్లల నలుగురు ఇరుక్కున్నరు,” పింకీ కార్డులు కలుపుతూ చెప్పింది. “నలుగురు బయటపడితేనే గెల్సినట్టు. ఒక్కరు దయ్యానికి దొర్కినా అందరు ఓడినట్టే. చేతుల మూడు కార్డులే ఉండాలె. నాలుగోది వస్తే ఒకటి పారెయ్యాలె.”

జశ్వంత్ కార్డులన్నీ తిరగేసి చూశాడు. లెక్కల మనిషి కదా, క్షణాల్లో మార్కులు వేసేశాడు.

“తాళంచెవికి పదికి పది. టార్చికి తొమ్మిది. తాయెత్తుకు ఏడు. ఇదిగో, ఈ ‘తోడు’ కార్డుకు సున్నా.”

“సున్నా ఎందుకండీ?” అంది నీహారిక.

“చేతిలో ఉన్నవాడికి దానివల్ల ఏమీ ఒరగదండీ. ఇంకొకళ్లు ఇరుక్కున్న గదిలోకి వెళ్లి, వాళ్ల భయంలో సగం మనం మోయాలి. అంతే!”

“మరి ఆ ఇరుక్కున్నవాళ్లు మార్కులేస్తే?”

జశ్వంత్ ఆ కార్డును మరోసారి అటూ ఇటూ తిప్పి చూశాడు.

బల్లమీద పరిచిన బంగ్లా పటం మీదికి నలుగురి బొమ్మలూ చేరాయి, ఆట మొదలైంది. తలుపులు కిర్రుమంటున్నాయి, దీపాలు ఆరిపోతున్నాయి. పింకీ దయ్యం గొంతుతో కూసినప్పుడల్లా పక్కబల్లవాళ్లు ఉలిక్కిపడుతున్నారు. ఎవరు ఏ కార్డు దాచుకుంటున్నారో, ఏది పారేస్తున్నారో నీహారిక ఓరకంట గమనిస్తూనే ఉంది.

తోడు కార్డు వెళ్లి వెళ్లి సీతారామాంజనేయులు చేతిలో పడింది.

“పారేయండి నాన్నా,” అన్నాడు జశ్వంత్.

“ఉండనీరా,” అంటూ ఆయన తాయెత్తు పారేశారు. ఏడు మార్కుల తాయెత్తు! జశ్వంత్ తల పట్టుకున్నాడు.

చివరికి ముగ్గురూ గేటు దాకా వచ్చారు. భ్రమరాంబ ఒక్కతే నేలమాళిగలో ఇరుక్కుపోయింది. చేతిలో దారి చూపే కార్డు ఒక్కటీ లేదు. దయ్యం ఒక్క తలుపు అవతల ఉంది.

సీతారామాంజనేయులు తోడు కార్డు బల్లమీద పెట్టి, తన బొమ్మను గేటు దగ్గర్నుంచి నేలమాళిగలోకి జరిపారు.

“అయ్యో, మీరెందుకొచ్చారండీ! ఇప్పుడు ఇద్దరం పోతాం!” భ్రమరాంబ గయ్యిమంది.

“పోతే పోయాం లెండి. ఒక్కరే అయితే ఏం తోస్తుంది?”

ఆ ఒక్కమాటకు భ్రమరాంబ పగలబడి నవ్వింది. నాన్న పోయాక అమ్మ అంతగా నవ్వడం నీహారిక వినలేదు.

జశ్వంత్ ఓ నిట్టూర్పు విడిచి, టార్చి పట్టుకుని తనూ వెనక్కి పరిగెత్తాడు. “పదండి ఆంటీ, ఇటు!” అతని వెనకే నీహారిక. ఫలితం? నలుగుర్నీ దయ్యం ఒకే దెబ్బకు మింగేసింది. పింకీ చప్పట్లు కొట్టింది. ఇంత సంబరంగా ఓడిపోయిన జట్టును ఆమె అంతవరకు చూడలేదట.

“సున్నా అని ముందే చెప్పానా?” అన్నాడు జశ్వంత్, నవ్వు ఆపుకోలేక.

“మనం కాస్త విడిగా మాట్లాడుకుందామా?” అంది నీహారిక.

ఇద్దరూ బాల్కనీలోకి వెళ్లారు. కింద ఆదివారం ట్రాఫిక్ మెల్లగా కదులుతోంది. అద్దం అవతలినుంచి పింకీ వాళ్లిద్దరికీ బొటనవేలు ఎత్తి చూపించి కన్నుకొట్టింది. పెద్దవాళ్లిద్దరూ మాత్రం తాయెత్తు పారేయాల్సిందా, అక్కర్లేదా అని వాదులాటలో మునిగి ఉన్నారు.

“నాకైతే ఏ అభ్యంతరమూ లేదండీ,” జశ్వంత్ చేతులు నలుపుకుంటూ అన్నాడు. “మీరు కాదంటారేమోనని పొద్దుటినుంచి భయంగా ఉంది. కాదంటే మా నాన్న చాలా చిన్నబోతారు.”

నీహారిక పైట లేకపోయినా ఉన్నట్టే సర్దుకుని, పెళ్లిపెద్దలా గొంతు సవరించుకుంది.

“మా అమ్మని మీ నాన్నగారికి ఇచ్చి చేయడం మాకు సమ్మతమే, అన్నయ్యా!”