గాలిదొర

"నలభై రెండు సార్!" ఆపరేటర్ అమ్మాయి మీటరు చూసి అరిచింది.

సర్వర్ గదిలో వేడి పది నిమిషాల్లో నాలుగు డిగ్రీలు ఎగబాకింది. నలభై అయిదు దాటితే మెషీన్లు వాటంతటవే ఆగిపోతాయి.

పై అంతస్తులో, ఆపరేషన్ బల్ల మీద ఒక తల్లి. ఆమె మెదడు స్కాన్లన్నీ ఈ మెషీన్లలోనే ఉన్నాయి.

రోజూ మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు కోత. ఆస్పత్రి జనరేటర్ సర్వర్లను మోస్తుంది కానీ ఏసీని మొయ్యలేదు. ఆ రెండు గంటలకీ దిక్కు ఒక్క పెద్ద ఫ్యానే.

ఇన్‌ఛార్జి ఇవాళ ఆ ఫ్యాన్‌ను మెషీన్ల ముఖానికే తిప్పాడు. తలుపు బిగించాడు. తలుపు తెరిస్తే చల్లదనం పోతుందన్నది ఏసీ నేర్పిన పదకొండేళ్ళ అలవాటు.

"నిన్నటిదాకా ముప్పై నాలుగు దాటలేదు కదమ్మా!"

"నిన్నటిదాకా తాతగారున్నారు సార్."

అతను ఫ్యాన్ వేగం పెంచాడు.

తాతగారట! కోతల కోసం కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న రోజుకూలీ మెకానిక్. ఇన్‌ఛార్జి పెట్టిన పేరు గాలిదొర. ఆస్పత్రంతా ఫైళ్ళతో విసురుకుంటుంటే, ఆయన ఫ్యాన్‌ను వాకిలికేసి తిప్పుకుని, గుమ్మంలో స్టూలేసుకుని, తలుపుకు వీపు ఆనించి దర్జాగా కూర్చునేవాడు. ముఖం నూనె రాసినట్టు నిగనిగ!

పైగా సూపరింటెండెంట్ మేడమ్ అటు వెళ్తూ, "భోంచేశారా పెద్దాయనా?" అని అడిగేది. ఇన్‌ఛార్జిని ఒక్కపూట అడిగితే ఒట్టు.

నిన్న మేడమ్ సెలవు. అదే అదనని ఇన్‌ఛార్జి ముసలాయన్ని పిలిచాడు.

"రేపట్నుంచి రావొద్దు. మెషీన్ల ఫ్యాన్ నీ సోకులకా?"

"అది కాదు బాబూ..."

"ఏది కాదు? నాకు కళ్ళు లేవా?"

ముసలాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే బాబూ. ఫ్యాన్ మాత్రం కదపకండి."

"కదపకపోతే మళ్ళీ వచ్చి కూర్చుందామనా?"

"నలభై నాలుగు!" అమ్మాయి కేక అతన్ని ఇవాళ్టికి లాక్కొచ్చింది. "ఆయన పెట్టినట్టే పెట్టండి సార్, దణ్ణం పెడతాను!"

ఆమె ఎదుటి కిటికీ తెరిచింది. అతను ఫ్యాన్‌ను వాకిలికేసి తిప్పి తలుపు తీశాడు. వదిలితే చాలు, స్ప్రింగు తలుపు ఖాళీ స్టూలును కూడా నెట్టేసి మూసుకుపోతోంది. విధిలేక స్టూలు మీద కూర్చుని వీపు ఆనించాడు.

కొలిమి నోరు తెరిచినట్టు గదిలోని సెగంతా ముఖాన కొట్టింది. కళ్ళు మండాయి. చెమట ధారకట్టింది.

నిమిషంలోనే లేవబోయాడు.

"లేవకండి సార్! నలభై మూడు... నలభై ఒకటి..."

పైన తెర మీద స్కాన్ ఆరలేదు.

మేడమ్ పరుగున వచ్చింది. "పెద్దాయనకి ఫోన్ చేస్తే వేరేచోట కుదిరిపోయానన్నాడు. ఎవరు పంపేశారాయన్ని?"

అమ్మాయి తల దించుకుంది. నెపం కాంట్రాక్టరు మీదికి నెట్టేస్తే పోయేదని ఇన్‌ఛార్జికి తోచింది.

అతను ముఖం తుడుచుకున్నాడు. అరచెయ్యి నూనెలో ముంచినట్టు నిగనిగలాడింది.

"నేనే మేడమ్," అన్నాడు స్టూలు మీంచి లేవకుండానే. "చల్లగాలనుకుని ఆయన్ని చూసి ఏడ్చాను."