అమ్మ మాట

కబడ్డీ పోటీకి అరవంలో కామెంటరీ చెబుతూ, ఊపులో ఒక్కసారి మునిరత్నం ఇంటి తెలుగులో అరిచాడు: "వాడి కాలు ఇడవద్దురా నాయినా." చూసేవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు చూసి ఛానెల్ అతనికి రాత్రి పదకొండింటి కామెడీ షో ఇచ్చింది.

మూడేళ్లుగా అందులో అతను కొంగు కప్పుకుని, వాళ్లమ్మలా సగం అరవం, సగం తెలుగు మాట్లాడుతున్నాడు. మళ్లీ కబడ్డీకి పోతానంటే, ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టించుకున్నారు.

ఆ సంగతి అమ్మకు చెప్పడానికి తిరుత్తణి వచ్చాడు. తన మాటలే ఆ షోలో విన్నప్పటి నుంచి, ఆర్నెల్లుగా అలిమేలమ్మ కొడుకుతో అచ్చమైన అరవమే మాట్లాడుతోంది, ఇంటికొచ్చిన పరాయి మనిషితో మాట్లాడినట్టు.

"వాంగ, ఉక్కారుంగ" అంది, రండి కూర్చోండి అన్నట్టు కుర్చీ జరిపి.

"అమ్మా, వాళ్లు నన్ను ఇడిసిపెట్టరంట. నువ్వన్నా నాతో మన మాట మాట్లాడుమా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తల నిమిరింది.

"ఏం నాయినా, ఇంత వాడిపోయినావు? యాడ తింటాండావో ఏమో. ఉండు, రసం కాచినా, రెండు మెతుకులు తిందువు..."

షో కోసం ఎప్పటిలాగే వీధి మలుపులోనే రికార్డింగ్ నొక్కి జేబులో వేసుకున్న ఫోను అప్పుడు గుర్తొచ్చింది. ఆపుదామని జేబులో చెయ్యి పెట్టాడు.

ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది. చెయ్యి అక్కడే ఉండిపోయింది.