ఎర్ర కారుకి పద్నాలుగు ప్రశ్నలు

మూడు రోజులు వరద నీళ్ళలో మునిగిన కారుని, నీటి చుక్క ఎరగని కారుగా అమ్మెయ్యాలని జయరాజ్ తీర్మానించుకున్నాడు. అదీ పది రోజుల్లో.

అతను జగ్గయ్యపేటలో సెకండ్ హ్యాండ్ కార్ల బ్రోకరు. బెజవాడ వరదలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో మునిగిన కార్లను వేలం వేస్తుంటే వెళ్ళి, ఈ ఎర్ర స్పోర్ట్స్ కారుని ఇంచుమించు పాత ఇనుము ధరకి పాడుకొచ్చాడు. ఆ ధరకి కూడా చేతిలో డబ్బు లేక, భార్య రోజారమణి గాజులు ఆమెకు చెప్పకుండా తాకట్టు పెట్టాడు. పదో రోజున ఆమె తమ్ముడి పెళ్ళి. ఈలోగా కారు అమ్మి గాజులు విడిపించకపోతే, ఆమె బీరువా తెరిచిన రోజున ఏమవుతుందో ఊహించుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

చూడ్డానికి మాత్రం కారు నిగనిగలాడుతోంది. రెండే డోర్లు, నేలకి జానెడు ఎత్తు. సిమెంటు లారీలు తిరిగే ఊళ్ళో, వీధికి మూడు స్పీడ్ బ్రేకర్లున్న చోట దీన్ని కొనేదెవరన్న ప్రశ్న జయరాజ్‌కి తట్టలేదు. తెలివితక్కువవాడు ఎవడో ఒకడు దొరక్కపోడని అతని ధీమా.

మంగళవారం పొద్దున్నే నందిగామ నుంచి ఒకాయన బస్సు దిగి, వాకబు చేసుకుంటూ వచ్చాడు. పేరు జ్ఞానయ్య, రిటైరైన లెక్కల మాస్టారు. చంకలో లాంగ్ నోట్‌బుక్, జేబులో రెండు పెన్నులు.

"పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్ళు అడగాల్సినవి పద్నాలుగున్నాయంటండి. మా అమ్మాయి మెర్లిన్ ఫోన్లో చూసి రాసిచ్చింది. అడగమంటారా?"

జయరాజ్ లోలోపల పడీ పడీ నవ్వుకున్నాడు. కారు చూడ్డానికి ప్రశ్నపత్రం పట్టుకొచ్చిన మనిషిని అతను ఎప్పుడూ చూడలేదు. "అడగండి మాస్టారూ, దాచేదేముంది?"

మాస్టారు బానెట్ మీద చెయ్యి పెట్టారు. "చల్లగా ఉన్న ఇంజన్నే స్టార్ట్ చేసి చూడాలంటండి. ఇదేమో వేడిగా ఉంది. ముందే స్టార్ట్ చేశారా ఏంటి?"

నిజానికి గంటసేపు తంటాలు పడితే గాని ఆ ఇంజను లేవలేదు. "లేదండి. క్వారీల ఊరు కదా మాది. పొద్దున ఎనిమిదింటికే రేకు కాలిపోద్ది."

మాస్టారు "ఆహా" అని, ఆ మాట పొల్లుపోకుండా రాసుకున్నారు.

తర్వాత సీటు బెల్టుని చివరిదాకా లాగారు. చివరన బురద చార కనబడింది.

"ఇదేంటండి?"

"అదా... పాత ఓనరు వేదాద్రి వెళ్ళి కృష్ణలో మునిగాడండి. తడి బట్టల్తోనే వచ్చి కూర్చున్నాడు. భక్తి ఎక్కువ."

"తడి బట్టల్తోనే... ఆ తర్వాతేమన్నారు? కాస్త నెమ్మదిగా చెప్పండి."

"భక్తి ఎక్కువండి."

మాస్టారు అదీ రాసి, కింద గీత కొట్టారు.

దాంతో జయరాజ్‌కి హుషారొచ్చింది. హెడ్‌లైట్ల లోపల తేమ పట్టిందేమని అడిగితే, ఏసీ అంత గట్టిగా పనిచేస్తుందన్నాడు. కార్పెట్ కింద ఆ వాసనేమిటంటే, ఓనరు భార్య చేపల పులుసు కారియర్ ఒలకబోసిందన్నాడు. ట్రయల్‌కని హైవే ఎక్కి కీసర వైపు వెళ్తే, స్టీరింగు వెనక హెచ్చరిక లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఖరీదైన బండి తన ఆరోగ్యం తనే చెప్పుకుంటుందని, చవక బండ్లే రోగం దాచుకుంటాయని వివరించాడు. సిగ్గు అతని దరిదాపులకి రాలేదు. పద్నాలుగో ప్రశ్న దాటేసరికి తన తెలివికి తనకే ముచ్చటేసింది. మాస్టారు దేనికీ ఎదురు చెప్పలేదు, ధర చెబితే బేరం కూడా ఆడలేదు.

"మంచి ధరేనండి. ఆదివారం చర్చి అయ్యాక మాట్లాడుకుందాం," అని బస్సెక్కారు.

ఆ సాయంత్రం జయరాజ్ ఇంటికి పావుకిలో జిలేబీ తెచ్చాడు. ఎందుకని రోజారమణి అడిగితే ఊరికే అన్నాడు.

శనివారం పొద్దున చిల్లకల్లు నుంచి ఆసిఫ్ అనే మిర్చి వ్యాపారి వచ్చాడు. ఎర్ర స్పోర్ట్స్ కారంటే పడి చచ్చే మనిషి. డబ్బు కూడా తెచ్చుకున్నాడు.

"కొంచెం తగ్గించన్నా, ఇప్పుడే తీస్కపోతా."

బేరమాడని మనిషి గుప్పిట్లో ఉండగా బేరమాడే మనిషితో పనేమిటని జయరాజ్ మీసం దువ్వుకున్నాడు. "లేటయ్యావు తమ్ముడూ. నందిగామ జ్ఞానయ్య మాస్టారు ఖాయం చేసుకున్నారు. అంత మోజుంటే ఆయన్నే బతిమాలుకో," అని నంబరు కూడా ఇచ్చాడు. పోటీ ఉందని తెలిస్తే మాస్టారు పరిగెత్తుకొస్తారని అతని ఎత్తు.

ఆదివారం చర్చి అయిపోయింది, మధ్యాహ్నం రెండయింది, మాస్టారు రాలేదు. లోపల్నుంచి రోజారమణి బీరువా తాళాలెక్కడని కేకేస్తోంది. జయరాజ్ చెమట తుడుచుకుంటూ ఫోన్ చేశాడు.

"మాస్టారూ, బయల్దేరారా? కారు కడిగించి ఉంచా."

"నేను కొంటానని ఎప్పుడన్నానండి?" మాస్టారి గొంతు ఎంతో మర్యాదగా ఉంది. "మీరు పాడుకున్న మర్నాడు అదే సెల్లార్లో మునిగిన ఇలాంటిదే ఇంకో ఎర్ర కారు నేను పాడుకున్నా, కొనేవాళ్ళడిగితే ఏం చెప్పాలో తెలీకే మీ జవాబులన్నీ రాసుకెళ్ళా, నిన్న మీరు పంపిన ఆసిఫ్‌కి అవే చదివి వినిపిస్తే నా బండి కొని తోలుకెళ్ళిపోయాడండి."