నల్లప్ప బీపీకి పట్టిన మందు

“నూట తొంభై! ఈ బీపీతో కంటి ఆపరేషన్ చెయ్యరు పెద్దాయనా.”

ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు రూతు, నల్లప్ప చేతికి చుట్టిన పట్టీ విప్పేసింది. రెండు కళ్లకూ శుక్లాలు. ఎదురుగా ఉన్నది పెండ్లామో బర్రెనో గొంతు వింటే తప్ప తెలియడం లేదు. అనంతపురం ఆసుపత్రి నుంచి ఇప్పటికే రెండుసార్లు వాపసు వచ్చాడు.

“నెలకు మళ్లా ఆసుపత్రి వ్యాను వస్తాది. అప్పటికీ తగ్గలేదంటే పొర ముదిరిపోతాది. ఆ పైన చూపు వస్తాదని నేను చెప్పలేను.”

“మాత్రలు మింగుతానే ఉండాడు నర్సమ్మా,” అంది భార్య హనుమంతమ్మ.

“మాత్రలొకటే సాలవమ్మా. మనసు సంతోషంగా ఉండాల. ఏముంటే సంతోషమో కనుక్కో.”

“నాకేం సంతోషం!” నల్లప్ప గయ్యిమన్నాడు. “నేను మూడు బోర్లేస్తే మూడిట్లోనూ దుమ్మే. నా చేని గెనిమ గట్టుకు అవతల ఆ జయరాం గానికి మాత్రం మూడించుల నీళ్లు! వాని బోరు ఎండిన దినమే నాకు సంతోషం. రాసుకో.”

జయరాం పరాయివాడేం కాదు. సొంత చిన్నాయన కొడుకు. ఇద్దరికీ మాటల్లేక పదేళ్లు.

మరుసటి రోజు సాయంత్రం హనుమంతమ్మ నీళ్ల బిందె దించుతూ అంది. “ఇన్యావా? జయరాం బోరు నీళ్లు రాక ఉత్త గాలి కొడ్తాండాదంట.”

నల్లప్ప మంచంమీద లేచి కూర్చున్నాడు. “ఎవరు చెప్పిరి?”

“వాని పెండ్లాం మల్లీశ్వరే. కొళాయి కాడ ఏడ్సుకుంటా చెప్పె.”

“అయ్యో పాపం,” అని నల్లప్ప ఇంకో సంగటి ముద్ద అడిగి పెట్టించుకున్నాడు.

పచ్చి అబద్ధం. ఆ బోరు ఆ పూట కూడా జయరాం టమాటా తోటకు ధారగా పోస్తూనే ఉంది. పోయి చూసుకోవడానికి నల్లప్పకు కండ్లు ఉంటే కదా.

తర్వాత రోజు జయరాం మోటారు కాలిపోయింది. ఆ మరుసటి రోజుకు టమాటా చెట్లు వాడిపోయాయి. వారం తిరిగేసరికి పైపులు దొంగలెత్తుకుపోయారు. అన్నీ హనుమంతమ్మ నోట్లోనే జరిగాయి. ఒకప్పుడు మల్లీశ్వరితో మాట్లాడితే కాళ్లు విరగ్గొడతానన్న మొగుడు, ఇప్పుడు పొద్దు వాలకముందే బిందె తెచ్చి చేతిలో పెడుతున్నాడు.

“పో, కొళాయికి పో. నిదానంగా రా. బాగా కనుక్కొని రా.”

“బిందె నిండుగా ఉండాది కదా!”

“అయితే పారబోసుకొని పో!”

ఈ కరువు నేలమీద నీళ్లు పారబోయమన్న మొగోడు నల్లప్ప ఒక్కడే అయ్యుంటాడు. ఆమె పోయిందంటే గంటకు గాని వచ్చేది కాదు. వచ్చేదాకా ఈయన వాకిట్లోనే కూర్చునేవాడు.

మూడో వారం నూట యాభై. నాలుగో వారం నూట ముప్పై ఎనిమిది.

“ఏం పెడతాండావమ్మా ఈయనకు?” రూతు నోరు తెరిచింది.

“ఏముండాది నర్సమ్మా, సంగటే.”

సోమవారం వ్యాను వచ్చింది. అనంతపురం ఆసుపత్రిలో నల్లప్పకు పచ్చ గౌను తొడిగి, వరసగా పరదాలు కట్టిన మంచాల్లో ఒకదానిమీద పడుకోబెట్టారు. ఆఖరుసారి బీపీ చూస్తారట. అది బాగుంటే పది నిమిషాల్లో ఆపరేషన్. ఒక నర్సు వచ్చి చేతికి పట్టీ చుట్టింది. మిషను బుస్సుమంటూ బిగుసుకోసాగింది.

అంతలో పక్క పరదా వెనక ఇంకో నర్సు గొంతు వినిపించింది. “నూట ముప్పై! పోయినసారి రెండు వందలుంటే వాపసు పంపినాం కదా మిమ్మల్ని? ఏం మాత్రలు వేసుకున్నారు?”

జవాబుగా ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వును నల్లప్ప పదేళ్ల తర్వాత కూడా గుర్తుపట్టాడు. జయరాం! వీనికీ కండ్లు పోయినాయా? సరే, పోతే పోయినాయి. బోరు ఎండి, మోటారు కాలి, తోట మాడిపోయినోనికి బీపీ పెరగాల గాని ఎట్ల తగ్గింది?

నల్లప్ప ఊపిరి బిగబట్టి చెవి అటు పెట్టాడు.

“మాత్రలతో కాదు తల్లీ,” జయరాం గొంతు తగ్గించాడు. “మా దాయాది నల్లప్ప రెండు నెలల్లో పోతాడంట, వాని పెండ్లామే కొళాయి కాడ మా మల్లీశ్వరికి చెప్పింది.”