అరవై ఒక్క రోజులు

"అన్నింట్లోనూ ఎనభైకి తగ్గలా. ఒక్క జనరల్ సైన్సులో ఇరవై ఎనిమిదా! ఏందిమే ఇది?" అంటూ మాలకొండమ్మ సెల్‌ఫోను తీసుకొచ్చి కూతురి మొహం ముందు పెట్టింది.

రోజారమణి జడ చివరి రిబ్బను విప్పుతూ, మళ్ళీ కడుతూ నిలబడింది.

"మళ్ళీ పరీక్ష పెడతారంట గదా. అరవబాకు," అన్నాడు పెంచలయ్య.

"అరవకుండా? ఈసారి గూడా తప్పిందంటే ఎదురింటి సామ్రాజ్యంతో పాటు రొయ్యల కంపెనీకి పంపించేస్తా. తలకాయలు ఒలుచుకుంటా ఉంటుంది. కాలేజీ లేదు, ఏం లేదు!"

మాలకొండమ్మ ఒక మాట అన్నదంటే ఇక అంతే. ఏడాదికి పది నెలలు పెంచలయ్య చెన్నైలో, కాశిమేడు రేవులో చేపల బోట్ల మీద పనిచేస్తాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా వేట ఆపేస్తారు. మైపాడు పక్కన ఈ పల్లెలో, తన ఇంట్లో, అతను ఉండేది ఆ అరవై ఒక్క రోజులే. వచ్చినప్పుడల్లా కూతురు జానెడు పొడుగై, కొంచెం కొత్త మనిషిలా కనబడుతుంది. ఆ కొత్త పోయేలోపు తిరుగు బస్సు ఎక్కాల్సి వస్తుంది.

మూడోనాడు, పదో తరగతి రోజారమణితోనే చదివిన పక్కింటి అబిగయీలు పెట్టె సర్దుకుని నెల్లూరు కాలేజీ హాస్టలుకు ఆటో ఎక్కింది. ఆ పిల్ల పాసయింది మరి. గడపలో నిలబడి చూస్తుంటే పెంచలయ్యకు ఒక పాడు ఆలోచన వచ్చింది. 'మన పిల్ల తప్పబట్టి గదా ఇంకా ఇంట్లో ఉండాది!' వెంటనే చెంపలు వేసుకున్నాడు. బిడ్డ ఫెయిలయితే సంతోషించే తండ్రి ఎక్కడైనా ఉంటాడా?

ఆ రోజు నుంచే చదువు మొదలుపెట్టించాడు. "నేను నాలుగో తరగతితో ఆపేసినోణ్ణి. నాకు అర్థమయ్యేట్టు చెప్పినావంటే నీకు వచ్చినట్టే," అన్నాడు. పంచలో వల పరుచుకుని చిరుగులు కడుతూ ఉంటాడు. ఎదురుగా కూతురు కూర్చుని పాఠం చెబుతుంది.

"నీళ్ళలో చేప ఉన్నచోట కనబడదు నాయనా. కొంచెం పైకి కనబడుతుంది. దాన్ని వక్రీభవనం అంటారు."

"దీనికి ఇంత పెద్ద పేరుందా! 'చేపను చూసి కొట్టబాకురా, చేప కిందకి కొట్టు' అని మా నాయన నాకు ఏడేళ్ళప్పుడే చెప్పినాడు."

రోజారమణి పకపకా నవ్వింది. "అయితే తాత గూడా ఫిజిక్స్ సారే!"

ఇంకో రోజు గుండె పాఠం. "నాలుగు గదులా? నలుగురున్న మనకే రెండు గదులు లేవు గదమ్మా!" అన్నాడు పెంచలయ్య. మంచి నెత్తురూ చెడ్డ నెత్తురూ కలవకుండా ఎలా పోతాయో ఆ పిల్ల ఇసుకలో బొమ్మ గీసి చూపించింది. పెంచలయ్య తన తల్లి చెంచమ్మను కూడా పిలిచి చూపించాడు. ముసలామె కళ్ళు చికిలించి చూసి, తాబేలు బొమ్మ బాగుందన్నది.

"పరీక్ష దానికా, నీకా?" అని మాలకొండమ్మ గుమ్మంలోంచి ఎగతాళి చేసింది.

అతను మాత్రం సూది చేతిలో పట్టుకుని వింటూనే ఉండిపోయేవాడు. పది నెలలూ అతని చెవుల్లో ఇంజను మోతే. లోతుకు పోతే ఫోను కూడా పలకదు. ఈ గొంతు కోసమే గదా అక్కడ మొహం వాచిపోయేది! రోజులు కాస్త నెమ్మదిగా నడిస్తే బాగుండునని అతనికి ఆశగా ఉండేది.

"పుస్తకం మూసిపెట్టి ఇంత బాగా చెబుతుండావే! మార్చిలో ఏమయింది పాపా?" అని ఒకసారి అడిగాడు.

"ఏమో నాయనా," అని ఆ పిల్ల పుస్తకం తెరిచి పేజీలు తిప్పింది.

రేపు పరీక్ష అనగా సాయంత్రం సైన్సు సారు నరేంద్రబాబు బండి మీద వచ్చాడు.

"పెంచలన్నా, క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల తప్పిందంటే నాకు నమ్మకం కుదరలా. దరఖాస్తు పెట్టి దాని జవాబు పేపరు కాపీ తెప్పించినా. చూడు."

రాత ఇంగ్లీషులో ఉంది. పెంచలయ్యకు ఒక్క ముక్క తెలియలేదు. కానీ పేజీ తర్వాత పేజీ, నిండుగా రాసిన జవాబుల మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీతలు కనబడ్డాయి. ఎక్కడా వంకర లేదు. అన్నీ స్కేలు పెట్టి తీరిగ్గా గీసినవే.

"రాసిందంతా కరెక్టేనన్నా. ఇరవై ఎనిమిది మార్కులకు సరిపడా ఉంచి, మిగతాదంతా తనే కొట్టేసింది."

మాలకొండమ్మ చెయ్యెత్తి మీదికి వచ్చింది. పెంచలయ్య అడ్డం నిలబడ్డాడు.

"రేపు కొట్టెయ్యను సార్. ఒట్టు," అంది రోజారమణి.

పెంచలయ్య కూతురి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. "ఎందుకట్టా చేసినావు తల్లీ?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

"రిజల్టు రాంగానే హాస్టల్లో వేసేస్తారు గదా నాయనా. అప్పటికి నువ్వు ఇంటికొచ్చి పది రోజులన్నా అయ్యుండవు."