కుడిపక్క కుర్చీ

“నాన్నా, నొప్పిగా ఉందా?” మంచానికి ఎడమపక్క నిలబడి అడిగాను.

“లేదమ్మా,” అన్నాడు నాన్న, కుడిపక్క కూర్చున్న చెల్లితో.

నాకు ఒళ్లు మండింది. పక్షవాతం వచ్చినప్పట్నుంచీ ఇదే వరస. చాకిరీకి నేను, కబుర్లకి అది!

“అయిపోయింది,” అంటూ నాన్న గడ్డం గీసుకుంటున్న రేజర్ దించాడు. జీవితమంతా సెలూన్ నడిపిన మనిషి, కుడిచెంప మాత్రమే గీసుకున్నాడు.

“మెదడు దెబ్బతింది కదమ్మా, ఎడమపక్క ఉన్నదేదీ ఆయన దృష్టికి రాదు,” అంది మందులిస్తున్న నర్సు.

మిగతా గడ్డం గీయడానికి చెల్లి ఎడమపక్కకి వచ్చింది. దాని కుర్చీలో నేను కూర్చున్నాను.

“వచ్చావా పెద్దదానా!” నాన్న మొహం వెలిగిపోయింది. “చిన్నది చూడు, చెప్పకుండానే వెళ్లిపోయింది.”

చెల్లి చేతిలో రేజర్ ఆగిపోయింది.

కుర్చీలో సగం ఖాళీ చేసి, “ఇటు రావే,” అన్నాను.